శాండీ అందరికీ గుర్తుంది, కోర్టుకెళ్ళిన ఒలీవియా ఎవరికీ గుర్తులేదు

2022 ఆగస్టు 8న ఆస్ట్రేలియా సింగర్, నటి ఒలీవియా న్యూటన్-జాన్ చనిపోయిన రోజు ఫోన్ తెరిస్తే చాలు, ఎక్కడ చూసినా ఒకటే ఫొటో. నల్ల లెదర్ జాకెట్, ఒంటికి అతుక్కుపోయిన నల్ల ప్యాంటు, ఎర్ర హీల్స్, పైకి లేచిన ఉంగరాల జుట్టు. గ్రీజ్ సినిమా చివర్లో ఆమె వేసిన శాండీ పాత్ర. కింద కామెంట్లన్నీ ఎంత మంచి పిల్ల, ఎంత స్వీట్, ఆ నవ్వు చూడండి అని. మనిషికి 73 ఏళ్ళు, టీనేజ్‌లో మైకు పట్టుకుంది, మొదటిసారి క్యాన్సర్ అని తేలాక ఇంకో ముప్పై ఏళ్ళు బతికి పాడింది, అయినా అందరూ కలిసి ఆమెని 1977 ఎండాకాలంలో తీసిన ఒక సినిమా ఆఖరి పది నిమిషాల్లోకి కుక్కేశారు. ఆ రోజు నాకు బాధ కన్నా కోపం ఎక్కువ వచ్చింది, ఆ కోపం ఇంకా పోలేదు, ఈ వ్యాసం దాని గురించే.

ఆమె చేసిన అన్నిటికన్నా పెద్ద పని ఏంటని నన్నడిగితే గ్రీజ్ అనను. పది వారాలు నంబర్ వన్‌లో కూర్చున్న ఫిజికల్ పాట కూడా అనను. 1978 మే 31న తన రికార్డు కంపెనీ మీద కాలిఫోర్నియా కోర్టులో వేసిన కేసు అంటాను. అమెరికాలో పాటలు పాడి బతికే ప్రతి మనిషి అగ్రిమెంట్ మీదా ఆ కేసు నీడ ఈరోజుకీ ఉంది, కానీ ఆమె పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో దాని గురించి ఒక్క లైన్ రాసినవాళ్ళు నాకు దాదాపుగా కనిపించలేదు.

పాత కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తా. పుట్టింది 1948లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో. తల్లి ఐరీన్ తండ్రి మాక్స్ బోర్న్, అవును, క్వాంటం మెకానిక్స్ పాఠాల్లో వచ్చే ఆ మాక్స్ బోర్నే, జర్మనీలో హిట్లర్ వచ్చాక ఉద్యోగం పోతే దేశం వదిలిపెట్టి సీవీ రామన్ పిలుపు మీద 1935-36లో బెంగళూరు ఐఐఎస్‌సీలో కొన్ని నెలలు పాఠాలు కూడా చెప్పి వెళ్ళాడు. ఆయనకి నోబెల్ వచ్చిన 1954లోనే మనవరాలి కుటుంబం మెల్‌బోర్న్‌కి మారింది, అప్పటికి ఒలీవియాకి ఐదేళ్ళు. తండ్రి యుద్ధం టైంలో బ్లెచ్‌లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సందేశాల మీద పనిచేసినవాడు, మెల్‌బోర్న్ వచ్చాక యూనివర్సిటీలోని ఆర్మండ్ కాలేజీకి మాస్టర్, అంటే అధిపతి. అంటే ఇంటి నిండా చదువే. ఆ ఇంట్లో పిల్ల పద్నాలుగేళ్ళకే ఫ్రెండ్స్‌తో కలిసి పాటల గ్రూప్ పెట్టింది, టీవీ టాలెంట్ పోటీలో గెలిచింది, బహుమతి ఇంగ్లండ్ ట్రిప్. తనకి వెళ్ళడం ఇష్టంలేదు, మెల్‌బోర్న్‌లో బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు. తల్లి బలవంతంగా తీసుకెళ్ళింది, తిరిగి రావడానికి ఈవిడ టికెట్ బుక్ చేసుకుంటే తల్లి వెళ్ళి క్యాన్సిల్ చేయించేది. తర్వాత ఆమే చాలాసార్లు చెప్పుకుంది ఈ మాట.

ఇక్కడి నుంచి అందరూ ఒక్క గెంతులో గ్రీజ్‌కి వెళ్ళిపోతారు. మధ్యలో ఉన్న రెండు దెబ్బలు చూడకపోతే ఆ తర్వాత ఆమె ఎందుకంత జాగ్రత్తగా ఉందో అర్థం కాదు.

మొదటిది 1970లో వచ్చిన టూమారో అనే సైన్స్ ఫిక్షన్ మ్యూజికల్. వెనకాల ఉన్నది డాన్ కిర్ష్‌నర్, అప్పటికే టీవీ కోసం కుర్రాళ్ళని పోగేసి పాప్ బ్యాండ్లు తయారు చేసిన పెద్ద చెయ్యి, కాబట్టి హిట్టు ఖాయం అనుకున్నారు. సినిమా వచ్చింది, పోయింది, ఎవరికీ తెలియను కూడా తెలియలేదు. సింగర్‌గా బాగానే ఉన్న అమ్మాయికి హీరోయిన్ అనే మాట మీదే భయం పుట్టింది. రెండోది కంట్రీ మ్యూజిక్‌కి రాజధాని లాంటి నాష్‌విల్. 1974లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆమెకి ఆ ఏటి ఉత్తమ గాయని అవార్డు ఇచ్చింది, పోటీలో ఉన్నది లొరెట్టా లిన్, డాలీ పార్టన్ లాంటి వాళ్ళు. ఇంగ్లండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగి లండన్‌లో రికార్డింగులు చేసుకునే పిల్ల వచ్చి మా అవార్డు ఎత్తుకుపోవడం ఏంటని పాత కాపులకి మండిపోయింది. జార్జ్ జోన్స్, టామీ వైనెట్ ఇంట్లో మీటింగ్ పెట్టుకుని ఏకంగా వేరే సంఘమే పెట్టేశారు. ఆమె ఎవర్నీ తిరిగి ఒక్క మాట అనలేదు. రెండేళ్ళకి నాష్‌విల్‌కే వెళ్ళి అక్కడి స్టూడియోలోనే ఒక ఆల్బమ్ రికార్డ్ చేసుకుని వచ్చింది. డాలీ చెల్లెలు స్టెల్లా పార్టన్ అయితే ఒలీవియా తరఫున ఒక పాటే పాడింది.

ఇది మెత్తదనం అని అందరూ అనుకున్నారు. నాకైతే ఇందులో మెత్తదనం కనిపించదు. వాదించాల్సిన చోటు ఏదో, వదిలేయాల్సిన చోటు ఏదో లెక్క తెలిసిన మనిషి కనిపిస్తుంది.

ఇప్పుడు గ్రీజ్. హెలెన్ రెడ్డి ఇంట్లో డిన్నర్‌కి వెళ్ళినప్పుడు నిర్మాత అలన్ కార్ ఈమెని చూశాడు (హెలెన్ రెడ్డి కూడా ఆస్ట్రేలియా నుంచి వచ్చి అమెరికాలో నిలబడ్డ సింగరే, ఇంటిపేరు చూసి మనవాళ్ళు చాలామంది పొరబడతారు కానీ ఏ సంబంధమూ లేదు). శాండీ వేషం నువ్వే వెయ్యాలి అన్నాడు. అలాంటి ఆఫర్ వస్తే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఈవిడ ఏం చేసిందంటే ముందు స్క్రీన్ టెస్ట్ చెయ్యండి అంది. సాధారణంగా స్టూడియో వాళ్ళు నటుల్ని టెస్ట్ చేస్తారు, ఇక్కడ నటి తనంతట తను టెస్ట్ అడిగింది. అప్పటికి తనకి దాదాపు 29, హైస్కూల్ పిల్లగా నటించాలి, పక్కన జాన్ ట్రవోల్టాకి 23. తెరమీద తేడా కొడుతుందా లేదా నా కళ్ళతో నేను చూసుకోవాలి, నచ్చకపోతే చెయ్యను అని చెప్పింది. టూమారో నేర్పిన పాఠం ఇది. చూసుకుంది, సరే అనుకుంది, అప్పుడు ఒప్పుకుంది. అమెరికన్ యాస పెట్టనంది, దాంతో స్టేజి నాటకంలో శాండీ డంబ్రౌస్కీగా ఉన్న అమెరికా పిల్ల సినిమాలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన శాండీ ఓల్సన్ అయిపోయింది. కథ వెళ్ళి హీరోయిన్ యాసకి సర్దుకుంది, ఆలోచించండి.

ఇంకోటి. అగ్రిమెంట్‌లో ఆమెకి ఒక సోలో పాట రాసి ఉంది. షూటింగ్ నడుస్తోంది, ఆ పాట మాత్రం ఇంకా లేదు. అప్పుడు ఆమె పాత మిత్రుడు, మెల్‌బోర్న్ వాడే, జాన్ ఫరార్ కూర్చుని హోప్‌లెస్లీ డివోటెడ్ టు యూ రాశాడు, అది తర్వాత తీసి కలిపారు. ఆ పాటే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. అంటే కాగితం మీద ఆ ఒక్క లైన్ లేకపోతే ఆ పాటే లేదు. ట్రవోల్టాతో కలిసి పాడిన ఆఖరి డ్యూయెట్ కూడా ఫరార్ రాసిందే, దర్శకుడు రాండల్ క్లైజర్‌కి మొదట విన్నప్పుడు నచ్చలేదు, చివరికి అదే జనం నోళ్ళలో మిగిలిపోయింది.

ఆ ఆఖరి సీను ప్యాంటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఫొటో చూస్తారు గానీ లోపల ఏం జరిగిందో చూడరు. అది 1950ల నాటి పాత ప్యాంటు, తొడుక్కునేటప్పుడు జిప్ ఊడిపోయింది. వేరేది వెతికే టైం లేదు, ప్యాంటు ఒంటి మీద ఉండగానే సూది దారం పెట్టి కుట్టేసేవాళ్ళు. బాత్రూంకి వెళ్ళాలంటే మళ్ళీ కుట్లు విప్పాలి, అందుకని షూటింగ్ ఉన్న రోజు నీళ్ళు కూడా లెక్క చూసుకుని తాగేది. మండుటెండలో, కార్నివాల్ సెట్లో, కుట్టేసిన ప్యాంటులో, ఎర్ర హీల్స్ మీద పరుగెత్తుతూ నవ్వుతూ పాడింది. ఆ నవ్వు చూసి అమాయకత్వం అని రాశారు జనం. అంత కష్టం మొహంలో పొక్కనివ్వకుండా పాడటాన్ని పనితనం అనాలి.

అరవై లక్షల డాలర్లతో తీసిన సినిమా 1978 జూన్‌లో వచ్చి ఎన్ని కోట్లు కొట్టిందో, సౌండ్‌ట్రాక్ అమెరికాలో 12 వారాలు నంబర్ వన్‌గా ఎలా కూర్చుందో ఇంటర్నెట్ నిండా ఉంది, అది వదిలేస్తున్నా. నన్ను పట్టుకుని వదలనిది తేదీలు. సినిమా అమెరికాలో రిలీజ్ అయింది జూన్ 16న. దానికి సరిగ్గా పదహారు రోజుల ముందు, మే 31న, ఒలీవియా ఎంసీఏ రికార్డ్స్ మీద, ఎంసీఏ ఒలీవియా మీద, ఇద్దరూ ఒకే రోజు కేసులు వేసుకున్నారు. ట్రవోల్టాతో పాడిన డ్యూయెట్ చార్టుల్లో ఒకటో స్థానానికి ఎక్కుతున్న రోజుల్లో, ఆ గొంతు ఇకమీద ఎవరికి పాడొచ్చు ఎవరికి పాడకూడదు అని లాయర్లు కొట్టుకుంటున్నారు. పైగా సినిమా సౌండ్‌ట్రాక్ వచ్చింది ఆర్‌ఎస్‌ఓ అనే వేరే లేబుల్ (రికార్డు కంపెనీ) మీద.

గొడవ ఏంటంటే, 1975 ఏప్రిల్ 1న కుదిరిన అగ్రిమెంట్ ప్రకారం రెండేళ్ళపాటు ఏడాదికి రెండు ఆల్బమ్‌ల మాస్టర్ టేపులు (అసలు రికార్డింగులు) ఆమె ఇవ్వాలి, ఆ తర్వాత కంపెనీకి ఇష్టమైతే ఒక్కో ఏడాది చొప్పున మూడుసార్లు పొడిగించుకోవచ్చు. అంటే ఎంత లాగినా ఐదేళ్ళు. మొదటి రెండేళ్ళలో ఆల్బమ్‌కి రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్స్, పొడిగించిన ఏళ్ళలో లక్ష డాలర్లు, అందులోంచే రికార్డింగ్ ఖర్చులు ఆమే పెట్టుకోవాలి. కొంచెం ఆగి చూడండి ఈ లెక్కని. పాపులారిటీ పెరిగేకొద్దీ ఆల్బమ్‌కి డబ్బు తగ్గుతుంది, పొడిగించుకునే హక్కు మాత్రం కంపెనీ ఒక్కదానికే ఉంది, పాడే మనిషికి లేదు. మూడు ఆల్బమ్‌లు టైంకి ఇచ్చింది, నాలుగోది ఆలస్యంగా ఇచ్చింది, కంపెనీ మొదటి పొడిగింపు వాడుకుంది, ఆ తర్వాత ఆమె ఇంకేమీ ఇవ్వలేదు. నా రికార్డుల్ని మీరు సరిగా ప్రమోట్ చెయ్యట్లేదు అని ఆమె, ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు ఇవ్వలేదని వాళ్ళు. కింది కోర్టు ఎంసీఏ వైపు మొగ్గి, కేసు తేలేదాకా లేదా 1982 ఏప్రిల్ 1 దాకా వేరే ఎవరికీ పాడకూడదని ఇంజంక్షన్ ఇచ్చింది.

1982 అనే అంకె చూశారా. 1975 నుంచి ఐదేళ్ళంటే 1980 కదా, మరి ఆ రెండేళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? కంపెనీల వాదన ఎప్పుడూ ఒకటే, నువ్వు మధ్యలో పని ఆపావు కాబట్టి ఆగిన కాలం కూడా నీ ఖాతాలోకే కలుపుతాం అని. ఐదేళ్ళు అని సంతకం పెట్టించుకుని ఏడేళ్ళు కట్టేయడం. ఒలీవియా అప్పీల్‌కి వెళ్ళింది. 1979లో అప్పీల్ కోర్టు ఏం చెప్పిందంటే, ఇంజంక్షన్ సరే కానీ ఐదేళ్ళ గరిష్ఠ గడువు అని రాసుకున్న అగ్రిమెంట్‌ని ఆమె ఆల్బమ్‌లు ఇవ్వలేదన్న కారణంతో ఆ గడువు దాటి సాగదీయొచ్చా అనేది మాకు గట్టి అనుమానం అని, ఆ 1982 తేదీని ఆర్డర్‌లోంచి తీసేసింది. ఆమె పూర్తిగా గెలిచింది అని నేను చెప్పను, గెలవలేదు. ఖర్చులు పోగా చట్టం చెప్పిన కనీస ఆదాయం నాకు గ్యారంటీ లేదు అని ఆమె లాయర్లు చేసిన ఇంకో వాదనని కోర్టు ఒప్పుకోలేదు. తర్వాతి ఆల్బమ్‌లు కూడా ఆమె ఎంసీఏతోనే చేసింది. కానీ ఒక్క తేదీని కొట్టేయించింది చూశారా, అదే మొత్తం అమెరికా మ్యూజిక్ బిజినెస్‌ని కదిలించింది.

నాకు ఇందులో ఒళ్ళు పులకరించే విషయం ఇంకోటుంది. ఇదే కాలిఫోర్నియాలో ఆమె కన్నా ముందు ఇంకో ఒలీవియా ఇదే యుద్ధం చేసింది. ఒలీవియా డి హావిలాండ్, పెద్ద హాలీవుడ్ నటి. వార్నర్ బ్రదర్స్ ఇచ్చిన వేషం వద్దన్నప్పుడల్లా ఆమెని సస్పెండ్ చెయ్యడం, ఆ సస్పెండ్ అయిన రోజుల్ని ఏడేళ్ళ కాంట్రాక్ట్ చివర్లో కలపడం. 1944లో అప్పీల్ కోర్టు ఏడేళ్ళంటే క్యాలెండర్‌లో ఏడేళ్ళే, మీ లెక్కల్లో ఏడేళ్ళు కాదు అని తేల్చేసింది. హాలీవుడ్ స్టూడియోల పాత పద్ధతి అక్కడే బీటలు వారింది. స్టూడియోలకి ఒక ఒలీవియా, రికార్డు కంపెనీలకి ఒక ఒలీవియా, మధ్యలో 35 ఏళ్ళు. ఇద్దర్నీ తెరమీద మెత్తని అమ్మాయిలుగానే చూపించారు.

కంపెనీలు ఊరుకుంటాయా. న్యూటన్-జాన్ తీర్పు తర్వాత లేబుళ్ళు అగ్రిమెంట్లు రాసే పద్ధతే మార్చేశాయి. ఏళ్ళ లెక్క పక్కన పెట్టి ఆల్బమ్‌ల లెక్క మొదలుపెట్టారు, ఇన్ని ఆల్బమ్‌లు ఇచ్చేదాకా నువ్వు మావాడివే, అది ఎన్నేళ్ళు పట్టినా సరే అని. అది కూడా చాల్లేదు, 1987లో కాలిఫోర్నియా ఏడేళ్ళ చట్టంలోనే (ఏడేళ్ళకి మించి ఎవర్నీ కాంట్రాక్ట్‌తో కట్టేయకూడదనే చట్టం) సింగర్లకి మాత్రం ఒక మెలిక పెట్టించారు, ఏడేళ్ళకి వెళ్ళిపోతే పో, కానీ బాకీ పడ్డ ఆల్బమ్‌లకి నష్టపరిహారం కట్టు అని. నటుడికి లేని బంధం, రచయితకి లేని బంధం, ఆటగాడికి లేని బంధం ఒక్క పాడేవాళ్ళకే. 2008లో థర్టీ సెకండ్స్ టు మార్స్ బ్యాండ్ ఏడేళ్ళయింది మేం పోతున్నాం అంటే వాళ్ళ రికార్డు కంపెనీ ఈఎంఐ ఆ బ్యాండ్ మీద మూడు కోట్ల డాలర్లకి దావా వేసింది ఆ మెలిక చూసుకునే. దాన్ని తీసెయ్యాలని ఈమధ్య కాలిఫోర్నియా అసెంబ్లీలో బిల్లులు పెట్టారు, 2022లో అది కూడా ముందుకు పోలేదు. అదే ఏడాది ఒలీవియా పోయింది. ఆ వార్తని, ఈ వార్తని కలిపి రాసినవాళ్ళు నాకు కనపడలేదు.

నేను ఎప్పుడూ మొత్తుకునే విషయం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తున్నా, భరించండి. పాట ఎవరిది అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం గొంతు గురించి, ట్యూన్ గురించి, ప్రతిభ గురించి మాట్లాడతాం, కాగితం గురించి మాట్లాడం. టేలర్ స్విఫ్ట్ తన మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో చేతులు మారితే వాటిని మళ్ళీ మొదటి నుంచి రికార్డ్ చెయ్యడం మొదలుపెట్టింది, చివరికి 2025లో ఆ పాత మాస్టర్లని డబ్బు పెట్టి కొనుక్కుంది. ప్రపంచంలోనే పెద్ద స్టార్ తన గొంతుని తనే కొనుక్కోవాల్సి వచ్చింది. 2017లో ఎస్పీ బాలు గారు అమెరికాలో కచేరీల టూర్‌లో ఉండగా ఇళయరాజా గారి లీగల్ నోటీసు వెళ్ళినప్పుడు మనం ఏం చేశాం? ఇద్దరు మహానుభావుల మధ్య మనసు విరిగింది అని బాధపడ్డాం, ఎవరిది తప్పు అని రెండు వర్గాలుగా కొట్టుకున్నాం. అసలు ఆ పాటల హక్కులు ఏ కాగితం మీద ఎవరికి ఏమని రాశారు అని అడిగినవాళ్ళు ఎంతమంది? సినిమా పాట పాడినవాళ్ళకి కూడా రాయల్టీ అనే మాట మన చట్టంలోకి గట్టిగా వచ్చిందే 2012 సవరణతో. అభిమానుల ప్రేమ వేరు, అగ్రిమెంట్ వేరు, ఈ రెండో దాని గురించి మాట్లాడితే ఆర్టిస్ట్‌కి డబ్బు పిచ్చి అంటారు. అందుకే నాకు ఈ ఆస్ట్రేలియా ఆవిడ అంటే అంత గౌరవం. కెరీర్ శిఖరం మీద ఉన్నప్పుడు, నవ్వుతూ ఫొటోలు దిగి ఊరుకుంటే సరిపోయే రోజుల్లో కోర్టుకి వెళ్ళింది.

దీనికి ఎదురు మాట నాకు తెలుసు. ఆమె గొప్ప నటి కాదు, గ్రీజ్ తర్వాత జనడూ ఘోరంగా పోయింది, అంత చెత్త సినిమాలకి కూడా అవార్డు పెట్టాలన్న ఐడియాతో రాజీ (Razzie) అవార్డులు పుట్టడానికి ఆ సినిమా కూడా ఒక కారణం, ట్రవోల్టాతో మళ్ళీ చేసిన టూ ఆఫ్ ఎ కైండ్ కూడా ఆడలేదు. ఇంకా పెద్ద విమర్శ, శాండీ పాత్రే ఆడవాళ్ళకి అవమానం, అబ్బాయి కోసం బట్టలూ నడకా మార్చుకుని సిగరెట్ పట్టుకున్న పిల్ల అని. మొదటిది ఒప్పుకుంటా, నటనలో ఆమెకి హద్దులున్నాయి. అయినా జనడూ మునిగినా అందులో ఆమె పాడిన మ్యాజిక్ నాలుగు వారాలు నంబర్ వన్, సినిమా మోసుకెళ్ళలేని చోటికి గొంతు మోసుకెళ్ళింది. రెండో దాని గురించి చెప్పాలంటే, పాత్ర రాసింది ఆమె కాదు, ఆ పాత్రని మోసిన మనిషి మాత్రం బయట ఎవరి కోసమూ మారలేదు.

ఎలాగంటారా, 1978లోనే జపాన్‌లో డాల్ఫిన్లని చంపుతున్నారని అక్కడి టూర్ క్యాన్సిల్ చేసేసింది. జపాన్ ఆమెకి చిన్న మార్కెట్ కాదు, ఆమె పాడిన జోలీన్ అక్కడ పెద్ద హిట్టు. ఆ తర్వాత ఫిజికల్. అసలు ఆ పాట మగ సింగర్ పాడాలని రాసింది. రికార్డ్ చేశాక ఆమెకే భయం వేసింది, మరీ ఎక్కువైపోయిందేమో, ఆపేయమని మేనేజర్‌కి చెప్పింది, అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఇక ఆపలేనప్పుడు ఏం చెయ్యాలి? వీడియో అర్థాన్నే మార్చేసింది. తలకి బ్యాండ్ కట్టుకుని జిమ్‌లో లావుపాటి మగాళ్ళ చేత వ్యాయామం చేయిస్తుంది, వాళ్ళు కండలు తిరిగిన మగాళ్ళు అయిపోతారు, ఇక ఈమె వెనక పడతారు అనుకునే లోపు ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని బయటకి వెళ్ళిపోతారు, ఈమె భుజాలెగరేసి మిగిలిన లావాటి మనిషితో టెన్నిస్‌కి బయల్దేరుతుంది. 1981లో ఇది! కొన్ని చోట్ల ఆ ముగింపు కత్తిరించి వేశారు. యూటాలో కొన్ని రేడియో స్టేషన్లు పాటే ఆపేశాయి. అమెరికా చార్టుల్లో పది వారాలు నంబర్ వన్, బిల్‌బోర్డ్ లెక్కలో 80ల దశాబ్దం మొత్తానికీ అతి పెద్ద పాట అదే, ఆ వీడియోకి గ్రామీ కూడా వచ్చింది. నాష్‌విల్‌లో మాట్లాడకుండా పని చేసి చూపించిన మనిషే ఇక్కడా కనిపిస్తుంది.

ఒంటి విషయంలో కూడా అంతే. 1992లో రొమ్ములో గడ్డ తనే తడిమి చూసుకుంది. మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నారు, సూదితో తీసి చేసిన పరీక్షలో కూడా ఏమీ లేదన్నారు. ఆమె ఒప్పుకోలేదు, ఏదో తేడాగా ఉంది, కోసి చూడండి అని పట్టుబట్టింది. క్యాన్సర్ అని తెలిసింది తండ్రి చనిపోయిన వారాంతంలోనే. డాక్టర్ ఏమీ లేదన్నాక కూడా నా ఒళ్ళు నాకు తెలుసు అని రెండోసారి, మూడోసారి అడిగే ధైర్యం మన ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళకి ఉందో మీరే ఆలోచించండి. తర్వాత 2008లో చైనా గోడ మీద 228 కిలోమీటర్లు నడిచింది విరాళాల కోసం, 2012లో మెల్‌బోర్న్‌లోని ఆస్టిన్ హాస్పిటల్లో ఆమె పేరుతో క్యాన్సర్ సెంటర్ తెరిచారు, బోర్డు మీద క్యాన్సర్ పక్కనే వెల్‌నెస్ అని కూడా ఉంటుంది. 2017లో జబ్బు మళ్ళీ వచ్చి వెన్నెముక అడుగుకి పాకిందని తెలిశాక కూడా ఆ సెంటర్ పని ఆపలేదు.

లెక్క అడగడం మాత్రం చివరిదాకా మానలేదు. 2006లో గ్రీజ్ సౌండ్‌ట్రాక్ రాయల్టీలు పూర్తిగా ఇవ్వలేదని, పది లక్షల డాలర్లకి పైగా బాకీ ఉందని యూనివర్సల్ మ్యూజిక్ మీద కేసు వేసింది. పాత ఎంసీఏ రికార్డ్స్ చివరికి వెళ్ళి కలిసింది ఆ యూనివర్సల్‌లోనే. ఈసారి బయటే రాజీ చేసుకున్నారు. సినిమా వచ్చి 28 ఏళ్ళయ్యాక కూడా తన పాట ఎన్ని అమ్ముడయ్యాయో లెక్క పెట్టించుకుంది ఆ మంచి పిల్ల.

2019 నవంబర్‌లో క్యాన్సర్ సెంటర్‌కి కొంత డబ్బు రావాలని తన వస్తువుల్ని బెవర్లీ హిల్స్‌లో వేలానికి పెట్టింది. కుట్టేసిన ఆ ప్యాంటు 1,62,500 డాలర్లకి పోయింది, జాకెట్ 2,43,200కి పోయింది. కొన్ని వారాల తర్వాత జాకెట్ కొన్న ఆయన పెట్టె పట్టుకుని ఆమె దగ్గరకి వచ్చాడు, పేరు చెప్పుకోలేదు, ఇది ఎవరో కోటీశ్వరుడి బీరువాలో ఉండాల్సింది కాదు, మీది, మీ దగ్గరే ఉండాలి అని తిరిగి ఆమె చేతుల్లో పెట్టేశాడు. వీడియోలో చూడొచ్చు, ఆమెకి ఏడుపు ఆగలేదు. ఆ జాకెట్‌ని మెల్‌బోర్న్‌లో తన సెంటర్‌లో పెడతానంది.